ఒక ఆదివాసీ సైనికుడి మూడు వస్తువులు

కెనడా రాజధాని ఒట్టావాలో ఒక యుద్ధ మ్యూజియం ఉంది. ఆ దేశం పాల్గొన్న యుద్ధాల చరిత్రను అక్కడ తుపాకులు, యూనిఫారాలు, ఉత్తరాలు, బొమ్మలతో చూపిస్తారు. 2003లో ఒక ఆదివాసీ కుటుంబం ఆ మ్యూజియానికి తమ పెద్దాయన వస్తువులు ఇచ్చింది. అందులో మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయనకు వచ్చిన పతకాలున్నాయి. తన జనానికి నాయకుడిగా ఆయన ధరించిన తలకట్టు కూడా ఉంది. ఆయన పేరు ఫ్రాన్సిస్ పెగామగాబో. ఓజిబ్వే అనే ఆదివాసీ జాతివాడు.

ఆయన యుద్ధంలో తన ఒంటి మీద మోసిన వస్తువు ఇంకొకటి ఉంది. అది ఏ మ్యూజియంలోనూ లేదు. అయినా దాని గురించి మనకు తెలుసు. ఈ మూడు వస్తువుల కథ మన పిల్లలకూ, మన ఉపాధ్యాయులకూ ఎందుకు అవసరమో చెప్పడానికే ఈ వ్యాసం.

మొదటి వస్తువు: తోలు సంచి

పెగామగాబో పుట్టిన ప్రాంతం కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో, హ్యూరాన్ అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉంది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. షావనాగా అనే ఓజిబ్వే ఊళ్లో పెద్దల చేతుల మీద పెరిగాడు. వేట, చేపలు పట్టడం, ఆకుమందులు అక్కడే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక సరస్సుల మీద తిరిగే ప్రభుత్వ పడవల్లో బొగ్గు వేసే పనికి కుదిరాడు.

1914లో ఆయన పనిచేస్తున్న పడవ సుపీరియర్ సరస్సు ఒడ్డున రాస్‌పోర్ట్ అనే చోట ఆగింది. కొందరు పళ్లు ఏరుకోవడానికి ఒడ్డుకు దిగారు. దగ్గర్లోనే ఓజిబ్వేల గుడిసెలున్నాయి. అక్కడి ముసలాయన ఒకరు పెగామగాబోను గుర్తుపట్టి, త్వరలో నువ్వు పెద్ద ఆపదలోకి వెళ్లబోతున్నావని చెప్పి, చిన్న తోలు సంచి ఒకటి చేతిలో పెట్టాడు. దాని మూతిని తోలు తాడుతో గట్టిగా బిగించి కట్టారు. మన ఊళ్లలో పెద్దలు కట్టే రక్ష తాయెత్తు లాంటిదన్నమాట. ఒక్కోసారి అది రాయిలా గట్టిగా తగిలేదట, ఒక్కోసారి లోపల ఏమీ లేనట్టు ఉండేదట. ఆయన దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు. లోపల ఏముందో ఆయనకూ తెలియదు.

ఆ ఏడు ఆగస్టులోనే యుద్ధం మొదలైంది. పెగామగాబో వెంటనే సైన్యంలో చేరాడు. ఆదివాసులను చేర్చుకోవడానికి అప్పటి కెనడా సైన్యం అంతగా ఇష్టపడలేదు. అయినా యుద్ధం ముగిసేలోపు సుమారు 4,000 మంది ఆదివాసులు సైనికులయ్యారు. శిక్షణ శిబిరంలో ఆయన తన గుడారం మీద తమ వంశపు గుర్తయిన జింక బొమ్మ వేసుకున్నాడు. మనకు ఇంటిపేర్లతో, గోత్రాలతో జంతువులకూ చెట్లకూ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకు దీని అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తోలు సంచిని ఆయన కందకాల్లో ఒంటి మీదే ఉంచుకున్నాడు. గాయపడి ఆసుపత్రికి చేర్చినప్పుడు అది ఎక్కడో పోయింది. మళ్లీ దొరకలేదు.

రెండో వస్తువు: పతకాలు

ఈ రోజు పెగామగాబో పేరు తలుచుకునేవాళ్లు చాలామంది ఒక అంకెతో మొదలుపెడతారు. ఆయన చాటున పొంచి గురి చూసి కాల్చే సైనికుడు. 378 మంది శత్రువులను కాల్చాడని, ఇంకో 300 మందిని పట్టుకున్నాడని చెప్పుకుంటారు. సినిమా కథల్లా చెప్పడానికి ఆ అంకెలు బాగుంటాయి. అయితే పతకాలు ఇస్తూ సైన్యం రాసిన కారణాలు చదివితే ఇంకో మనిషి కనిపిస్తాడు.

ఆయనకు వచ్చింది మిలిటరీ మెడల్. అధికారి హోదా లేని సైనికుల ధైర్యానికి గుర్తుగా బ్రిటిష్ ప్రభుత్వం 1916లో పెట్టిన పతకం అది. అదే పతకం మళ్లీ వస్తే రెండోది ఇవ్వరు, దాని రిబ్బను మీద ఒక చిన్న పట్టీ చేరుస్తారు. పెగామగాబో పతకానికి అలాంటి పట్టీలు రెండున్నాయి. అంటే మూడుసార్లు ఆ గౌరవం దక్కింది. కెనడా సైన్యం మొత్తంలో ఆ యుద్ధంలో ఇలా మూడుసార్లు పొందినవాళ్లు నలభై మంది కూడా లేరు.

మొదటిసారి ఎందుకిచ్చారు? 1915 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు ఈప్ర్, ఫెస్టుబెర్, గివెన్షీ పోరాటాల్లో తూటాల మధ్య నుంచి కబుర్లు మోసినందుకు. అప్పట్లో టెలిఫోన్ తీగలు గుండ్లకు తెగిపోయేవి. ఒక దళం నుంచి ఇంకో దళానికి కబురు చేరాలంటే మనిషి పరుగెత్తాల్సిందే.

రెండోసారి ఎందుకు? 1917 నవంబరులో బెల్జియంలోని పాషెండేల్ దగ్గర. అక్కడ ఎడతెగని వానకు, గుండ్లకు నేలంతా బురద గుంటలైంది. దారీ తెన్నూ తెలియని ఆ నేలలో ఆయన తమకు రెండు పక్కలా ఉన్న దళాలను కలుస్తూ, ఎవరెక్కడ ఉన్నారో చెబుతూ వచ్చాడు. దారి తప్పి కలగాపులగమైన కొత్త దళాన్ని సరైన చోటికి నడిపించాడు.

మూడోసారి 1918 ఆగస్టు 30న. ఫ్రాన్స్‌లోని ఒక కందకంలో ఆయన దళం దగ్గర తూటాలు అయిపోవచ్చాయి. శత్రువు చుట్టుముట్టేలా ఉన్నాడు. మెషిన్ గన్‌లు పేలుతుండగానే ఆయన కందకం దాటి బయటికి వెళ్లి తూటాలు తెచ్చాడు. వాటితోనే ఆ దళం నిలబడి ఎదురుదాడిని తిప్పికొట్టింది.

కబురు చేర్చడం, దారి చూపించడం, కావలసింది మోసుకురావడం. ఆ మూడు గౌరవాలకూ సైన్యం రాసిన కారణాలు ఇవి. ఎంతమందిని చంపాడన్న లెక్క ఆ మూడింటిలో ఎక్కడా లేదు. అడవిలో పెరిగిన మనిషికి దారి గుర్తుంటుంది, చీకట్లో అడుగు చప్పుడు కాదు, ఓపిగ్గా కదలకుండా కూర్చోవడం తెలుసు. ఆ చదువు ఊళ్లో పెద్దలు నేర్పింది. పతకాన్ని ఒక్కదాన్నే చూస్తే అది కనిపించదు. దాని కాగితం కూడా చదివితేనే కనిపిస్తుంది. చరిత్ర చెప్పే ఉపాధ్యాయులు గమనించాల్సిన మొదటి సంగతి ఇది.

మూడో వస్తువు: తలకట్టు

1919లో పెగామగాబో ఇంటికి తిరిగొచ్చాడు. కార్పొరల్ హోదా, ఛాతీ మీద పతకాలు, ఊపిరితిత్తుల్లో విషవాయువు తాలూకు జబ్బు తెచ్చుకున్నాడు. 1915లో ఈప్ర్ దగ్గర జర్మన్లు వదిలిన క్లోరిన్ వాయువు దెబ్బ అది. తర్వాతి కాలంలో ఊపిరి ఆడక కూర్చునే నిద్రపోవాల్సి వచ్చేది.

కందకంలో తెల్ల సైనికులతో సమానంగా నిలబడ్డ మనిషి, యూనిఫాం విప్పగానే మళ్లీ ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మైనరుతో సమానమయ్యాడు. 1876లో చేసిన ఇండియన్ చట్టం కింద కెనడా ఆదివాసులు అలాంటి స్థితిలో ఉండేవారు. వాళ్లకు కేటాయించిన భూములను రిజర్వులంటారు. ఒక్కో ప్రాంతపు రిజర్వుల మీద ప్రభుత్వం ఒక ఏజెంటును పెట్టింది. సొమ్ము ఖర్చు, అప్పు, భూమి వ్యవహారం, పై అధికారులతో ఉత్తరాలు, అన్నింటికీ ఏజెంటే దారి. యుద్ధం నుంచి వచ్చిన తెల్ల సైనికులకు వ్యవసాయానికి భూమి, అప్పు ఇచ్చే పథకం అప్పట్లో ఉండేది. ఆదివాసీ సైనికుల్లో అతి కొద్దిమందికే అది అందింది.

ఏజెంటు అనే మాట మన ప్రాంతాల వాళ్లకు కొత్తది కాదు. 1839లో బ్రిటిష్‌వాళ్లు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు తరపు ఏజెంటుగా నియమించారు. పాలన, తీర్పు రెండూ ఆయన చేతిలోనే పెట్టారు. ఆ ఏజెంటు ఏలుబడిలో ఉన్న ప్రాంతం కాబట్టే ఏజెన్సీ అన్న పేరు వచ్చింది. ఈ రోజుకీ పాడేరు, రంపచోడవరం వైపు బస్సెక్కినవాళ్లు ఏజెన్సీకి వెళ్తున్నామనే అంటారు. సముద్రాల అవతల పెగామగాబో ఎదుర్కొన్నది కూడా అదే సామ్రాజ్యం నాటిన పాలన.

1921లో ప్యారీ ద్వీపంలోని జనం ఆయన్ను నాయకుడిగా ఎన్నుకున్నారు. ఆ ఊరిని ఇప్పుడు వసాక్సింగ్ అంటారు. 1925 వరకు ఆయన నాయకుడు. తర్వాత 1933 నుంచి 1936 వరకు సలహా మండలి సభ్యుడు. హ్యూరాన్ సరస్సులోని జార్జియన్ బే దీవులు మావేనని, వాటిని మేమెప్పుడూ వదులుకోలేదని ఆయనా చుట్టుపక్కల నాయకులూ వాదించారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏజెంటుకూ ఆయనకూ పడేది కాదు. ఆయన ఏజెంటును దాటి నేరుగా పై అధికారులకు ఉత్తరాలు రాసేవాడు. 1933లో ఆ దారి కూడా మూసేశారు. ఆదివాసీ నాయకుల ఉత్తరాలన్నీ ఏజెంటు ద్వారానే రావాలని శాఖ ఆదేశించింది. అంతకుముందే 1927లో ఇంకో నిబంధన వచ్చింది. ప్రభుత్వ అనుమతి లేకుండా భూముల దావాల కోసం చందాలు వసూలు చేయడం నేరమని దాని సారాంశం. ఆ నిబంధన 1951 దాకా ఉంది.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. నాయకుడిగా ఉన్నప్పుడు, కలగలుపు సంతానమైన వాళ్లను రిజర్వు నుంచి పంపేయాలని ఆయన రాసిన ఉత్తరం సొంత జనాన్నే రెండుగా చీల్చింది. పదవి పోవడానికి ఇంటి తగాదాలు కూడా కారణమే. ఇది కూడా చరిత్రలో భాగంగానే చెప్పుకోవాలి. మనవాళ్ల కథలు మనం రాసుకునేటప్పుడు ఇలాంటి సంగతులు దాచిపెడితే, రేపు వేరేవాళ్లు వాటినే ముందు పెట్టి మిగతాదంతా తోసేస్తారు.

అయినా ఆయన పోరాటం ఆపలేదు. 1943లో దేశమంతటి ఆదివాసుల కోసం ఏర్పడిన తొలి సంఘాల్లో ఒకటైన నేటివ్ ఇండిపెండెంట్ గవర్నమెంట్‌కు సుప్రీం చీఫ్ అయ్యాడు. 1952లో కన్నుమూశాడు. రిజర్వుల్లో ఉండే ఆదివాసులకు షరతులు లేకుండా కెనడా దేశ ఎన్నికల్లో ఓటు హక్కు వచ్చింది 1960లో. అది చూడటానికి ఆయన లేడు.

పతకాలు రాజు ఇచ్చినవి. తలకట్టు పెట్టుకునే అర్హత జనం ఇచ్చింది. పతకాలకు వెనకున్నది నాలుగేళ్ల యుద్ధం. తలకట్టుకు వెనకున్నది ముప్పై ఏళ్ల పోరాటం. పతకాలను ఒక్కటే ఇచ్చి ఉంటే కెనడా సైన్యంలోని ఒక వీరుడి కథ మాత్రమే అక్కడ మిగిలేది. ఆ వీరుణ్ణి అదే ప్రభుత్వం ఇంటి దగ్గర ఎలా చూసిందన్న ప్రశ్న తలకట్టు పక్కనుండటం వల్లే వస్తుంది.

పోయిన వస్తువు ఎలా మిగిలింది?

ఇక తోలు సంచి దగ్గరికి వద్దాం. యుద్ధంలో పోయిన ఆ సంచి గురించి మనకెలా తెలుసు? 1929లో కెనడా జాతీయ మ్యూజియంలో పనిచేసే డైమండ్ జెన్నెస్ అనే మానవ శాస్త్రజ్ఞుడు ప్యారీ ద్వీపానికి వచ్చాడు. ఓజిబ్వేల నమ్మకాలు, మందులు, వైద్యం గురించి ఊళ్లో పెద్దలను అడిగి రాసుకున్నాడు. ఆయనకు వివరాలు చెప్పినవాళ్లలో పెగామగాబో ఒకరు. ముసలాయన ఇచ్చిన సంచి కథ ఆయన స్వయంగా జెన్నెస్‌కు చెప్పాడు. 1935లో వచ్చిన జెన్నెస్ పుస్తకంలో అది అచ్చయింది.

యుద్ధంలోని మెషిన్ గన్‌లు, గుండ్ల గురించి వేల పుస్తకాలున్నాయి. ఒక ఓజిబ్వే సైనికుడు కందకంలో దేన్ని నమ్ముకుని కూర్చున్నాడో మనకు తెలిసింది మాత్రం ఆయన నోరు విప్పి చెప్పినందువల్లే, విన్నవాళ్లు రాసినందువల్లే. వస్తువు పోయినా మాట మిగిలితే చరిత్ర మిగులుతుంది. మాట పోతే, వస్తువు గాజు పెట్టెలో ఎంత భద్రంగా ఉన్నా అది ఎవరిదో, ఎందుకో చెప్పేవాళ్లుండరు.

ఇంకో మాట కూడా అనుకోవాలి. ఆ కథ రాసింది బయటివాడు. ఇంగ్లీషులో, తన పుస్తకానికి కావలసిన మేరకే రాశాడు. ఓజిబ్వే భాషలో ఆ కథ ఎలా ఉండేది, ఆ ముసలాయన అన్న మాట ఏమిటి, అవన్నీ అందులో రాలేదు. పెగామగాబో మునిమనవడు బ్రయాన్ మెక్‌ఇన్నెస్ తర్వాతి కాలంలో కుటుంబంలో మిగిలిన ఓజిబ్వే కథలను పోగుచేసి 2016లో పుస్తకంగా తెచ్చాడు. అదే ఏడు జూన్ 21న ప్యారీ సౌండ్ పట్టణంలో పెగామగాబో విగ్రహం పెట్టారు. ఆయన పోయి అప్పటికి దాదాపు 64 ఏళ్లు.

మన దగ్గర

అదే యుద్ధానికి మన దేశం నుంచీ ఆదివాసులు వెళ్లారు. 1917లో బ్రిటిష్ ప్రభుత్వం కూలి దళాలు కట్టి ఫ్రాన్స్‌కు పంపింది. రాంచీ వైపు ఉరావ్‌లు, ముండాలు, సంతాల్ ప్రాంతం నుంచి సంతాలులు, ఈశాన్యం నుంచి నాగాలు, లుషాయిలు, ఖాసీలు ఓడలెక్కారు. కలప కొట్టడం, రోడ్లు వేయడం, సరుకు ఎక్కించి దించడం వాళ్ల పని. అందరూ ఇష్టపడి వెళ్లలేదు. బలవంతపు చేర్పులకు ఎదురుతిరిగి మణిపూర్ కొండల్లో కుకీలు తిరగబడ్డారు. ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో సంతాలులు తిరగబడ్డారు. తిరిగొచ్చిన నాగాల్లో కొందరు, చదువుకున్న ఇతరులతో కలిసి 1918లో కోహిమాలో నాగా క్లబ్ పెట్టారు. 1929లో ఆ క్లబ్బే సైమన్ కమిషన్‌కు వినతిపత్రం ఇచ్చి, మా సంగతి మేమే తేల్చుకుంటామని అడిగింది. పెగామగాబో దారి ఒంటరిది కాదు. లోకం చూసొచ్చిన ఆదివాసీ సైనికుడు, కూలీ, ఇంటికి వచ్చాక ఏజెంటు ముందు తల వంచి నిలబడటానికి ఒప్పుకోలేదు. చాలా చోట్ల జరిగింది ఇదే.

1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర ప్రాణమిచ్చిన ఆల్బర్ట్ ఎక్కా జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతపు ఉరావ్ బిడ్డ. దేశంలో అన్నిటికంటే పెద్ద యుద్ధ గౌరవమైన పరమవీర చక్ర ఆయనకు దక్కింది. ఇలాంటి పేర్లు మన పాఠాల్లోకి రావాలి. జోడేఘాట్‌లో కొమురం భీం మ్యూజియం, అరకులో గిరిజన మ్యూజియం ఉన్నాయి. పిల్లలను అక్కడికి తీసుకెళ్లినప్పుడు చూసి రావడంతో సరిపెట్టకుండా, ఒక్కో వస్తువు ముందు నిలబెట్టి ఇది ఎవరిది, ఎవరు వాడారు, ఇక్కడికి ఎలా వచ్చింది అని అడిగించాలి. కింద రాసిన చీటీలో జవాబు లేకపోతే, ఆ జవాబు ఎవరి దగ్గర ఉందో వెతకడమే పాఠం అవుతుంది.

మన ఇళ్లలో కూడా వస్తువులున్నాయి. తాత విల్లు, అవ్వ కడియాలు, డోలు, సైన్యంలోనో పోలీసులోనో పనిచేసి వచ్చిన మావయ్య ట్రంకు పెట్టె, ఆయన ఉత్తరాలు. వాటికి మ్యూజియం అక్కర్లేదు, ముందు ఒక నోటు పుస్తకం కావాలి. ఒక్కో విద్యార్థి ఇంట్లో ఒక్క వస్తువు ఎంచుకుని ఈ వివరాలు రాయవచ్చు. దాన్ని కోయలోనో, గోండిలోనో, కువిలోనో, సవరలోనో, సొంత భాషలో ఏమంటారు? ఎవరు చేశారు, దేంతో చేశారు? ఎవరు వాడారు, ఏ ఊళ్లో? ఇంట్లోకి ఎలా వచ్చింది? ఈ సంగతి చెప్పింది ఎవరు, ఏ రోజున చెప్పారు? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. చెప్పినవాళ్ల పేరు లేని కథకు రేపు విలువ తగ్గుతుంది.

ఇంకో ప్రశ్న కూడా ఉండాలి. దీన్ని అందరికీ చూపించవచ్చా? దేవర వస్తువులు, పూజారి దగ్గరుండేవి, వడ్డె ముట్టుకోవాల్సినవి అందరూ చూడటానికి కాదు. పెగామగాబో ఆ సంచిని విప్పకుండానే మోశాడు, విప్పకుండానే దాని కథ చెప్పాడు. ఫొటో తీయొద్దని పెద్దలంటే తీయకూడదు. ఆ మాటనే పుస్తకంలో రాసుకోవాలి.

ఎప్పుడైనా మన ఊరి వస్తువును మ్యూజియానికి ఇవ్వాల్సి వస్తే, పెగామగాబో కుటుంబం ఇచ్చినట్టు మన చేతులతో మనమే ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చిన పతకం ఒక్కటే ఇవ్వకుండా, ఊరు ఇచ్చిన గుర్తును కూడా దాని పక్కన పెట్టాలి. కథ రాసిన కాగితాన్ని తోడు పంపాలి. దాని నకలు ఒకటి పంచాయతీలోనో బడిలోనో ఉంచుకోవాలి. చీటీ మీద ఏం రాస్తున్నారో చదివి, తప్పుంటే దిద్దించాలి.

ఈ పని వేసవి సెలవుల్లో మొదలుపెట్టవచ్చు. ఊళ్లో అందరికంటే పెద్ద వయసు ఎవరిదో కనుక్కుని, ముందు ఆ ఇంటికి వెళ్లాలి.